మణుగూరు అద్దె ఇంట్లో అమ్మీ మాట్లాడిన భాష

నేను నర్సును. ప్రాణం పోయినవాళ్ళ కళ్ళు మూయడం, ఒళ్ళు తుడిచి బట్ట కప్పి బంధువులకు అప్పగించడం నా పనిలో భాగం. మార్చురీ గదిలోకి ఒంటరిగా వెళ్ళి వచ్చినప్పుడు కూడా నాకు ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే పని ఉందని లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే.

ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అని నేననను. ఏమనాలో తెలియకనే ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మాది ఖమ్మం. నాన్నకు గాజుల దుకాణం ఉండేది. ఆయన పోయాక నేనూ అమ్మీ మిగిలాం. నాకు పెళ్ళి కాలేదు. రెండువేల అయిదు ప్రాంతంలో మణుగూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం దొరికింది. ఖమ్మంలో ఇచ్చేదానికన్నా మెరుగైన జీతం. అమ్మీని వెంటబెట్టుకుని వెళ్ళాను.

అప్పటికి అమ్మీకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. అంతకంటే ఎక్కువగా నన్ను దెబ్బతీసింది ఆమె మాట పోవడం. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు గలగలా మాట్లాడే మనిషి. గాజులు తొడిగేటప్పుడు ఆడవాళ్ళ చేతులు పట్టుకుని నొప్పి తెలియకుండా కబుర్లు చెప్పేది. అలాంటిది రెండు భాషలూ ఒకేసారి పోయాయి. ఆకలేసినా దాహమేసినా "ఆ" అనే ఒక్క శబ్దం. నన్ను పేరుపెట్టి పిలవాలని నోరు తెరిచి, రాక, కళ్ళు దించుకునేది. నేను చూడనట్టు పక్కకు తిరిగేదాన్ని.

మొదట్లో నర్సింగ్ హోమ్ వెనక గదిలో ఉండనిచ్చారు. కొన్నాళ్ళకు ఆ గదిలో స్కానింగ్ మిషను పెడుతున్నాం, వానలు మొదలయ్యేలోపు ఇల్లు చూసుకోమన్నారు. అక్కడినుంచి మొదలైంది నా తిరుగుడు.

మణుగూరులో ఇల్లు దొరకదని కాదు. బొగ్గు గనుల ఉద్యోగులకు క్వార్టర్లు ఉన్నాయి, భారజల కర్మాగారం వాళ్ళకు కాలనీ ఉంది. మిగిలిన ఊళ్ళో కట్టిన ఇళ్ళకు కాంట్రాక్టర్లు ఎంత అడిగితే అంత ఇచ్చేవాళ్ళు. నాలాంటి వాళ్ళకు అందుబాటులో ఉండేవి చాలా తక్కువ. ఆ తక్కువలో కూడా నేను గేటు దగ్గర నిలబడగానే ప్రశ్నలు మొదలయ్యేవి.

"ఎంతమందుంటరు?"

"ఇద్దరమే. నేనూ మా అమ్మా."

"మగోళ్ళెవరు లేరా?"

లేరంటే ఒక చూపు. పేరు షమీమ్ అంటే ఇంకో చూపు. మాకేం పట్టింపు లేదు గానీ మా అత్త ఊరుకోదు, అనేవాళ్ళు. అవి దాటుకుని ముందుకు పోతే అమ్మీ జబ్బు దగ్గర ఆగిపోయేది. ఒక ఇంటావిడ మాత్రం దాచకుండా చెప్పింది. నన్ను లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పింది.

"చూడు సిస్టరూ, నీ గురించి నాకేం లేదు. మీ అమ్మను తల్చుకుంటె బాధైతుంది. కానీ రేపు మా ఇంట్ల ఏమన్న జరిగితే, నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇల్లిడిచిపెట్టాలె. మేమెటు పోవాలె చెప్పు."

ఆమె మీద నాకు కోపం రాలేదు. నీళ్ళ గ్లాసు అక్కడ పెట్టి లేచి వచ్చాను. డ్యూటీ దిగి, మెడలో గుర్తింపు కార్డు తీయకుండానే వీధులు తిరిగేదాన్ని, నర్సునని తెలిస్తే కాస్త నమ్ముతారేమోనని. చెప్పులరిగాయి గానీ ఇల్లు దొరకలేదు.

చివరికి నర్సయ్య గారి ఇల్లు దొరికింది. ఆయన లారీలు తిప్పి మానేసిన మనిషి. ఊరి చివర, అడవి మొదలయ్యే దగ్గర మూడంతస్తుల బిల్డింగు కట్టి పోర్షన్లుగా కిరాయికి ఇచ్చేవారు. అందరూ దాన్ని అపార్ట్‌మెంటు అనేవాళ్ళు. కింద ఆయనా, ఆయన భార్య సుగుణమ్మ ఉండేవాళ్ళు.

"పై పోర్షన్ ఖాళీగనే ఉంది. ఎండకాలం వేడి కొడ్తది. నీళ్ళు కిందినుంచి మోసుకోవాలె. గవి తట్టుకుంటనంటే ఉండుండ్రి," అన్నారు. మతం అడగలేదు. అమ్మీ జబ్బు సంగతి నేనే చెబితే తల ఊపి ఊరుకున్నారు. కిరాయి నా జీతానికి సరిపోయేలా ఉంది. మెట్ల మీదే కళ్ళనీళ్ళు వచ్చాయి.

రెండు గదులు, చిన్న వంటిల్లు. ముందు గది వీధివైపు. వెనక గదికి పెద్ద కిటికీ. దానిలోంచి చూస్తే ఖాళీ జాగా, దాని తర్వాత టేకు చెట్లు, ఆ పైన గుట్ట. అమ్మీకి గాలి తగులుతుందని కిటికీ పక్కన కుర్చీ వేశాను. నేను డ్యూటీలో ఉన్నప్పుడు సుగుణమ్మ ఒకసారి పైకొచ్చి చూసి పోయేది. అడగకముందే ఒప్పుకుంది పాపం.

చేరిన కొద్ది రోజులకే జరిగింది. ఉదయం డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చాను. మెట్లెక్కుతుంటే మా పోర్షన్‌లోంచి ఆడమనిషి మాట వినిపించింది. సుగుణమ్మ ఎవరినో వెంటబెట్టుకొచ్చిందనుకున్నాను. తలుపు తీసి చూస్తే ముందు గదిలో ఎవరూ లేరు.

వెనక గదిలో అమ్మీ కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూస్తూ మాట్లాడుతోంది.

గొంతు అమ్మీదే. అందులో నాకు అనుమానం లేదు. కానీ మాట తీరు ఆమెది కాదు. సాగదీసి, చివర్లో పైకెత్తి, ఎవరో దూరంగా పొలంలో ఉన్నవాళ్ళతో అన్నట్టు మాట్లాడుతోంది. ఒక్క పదం కూడా నాకు తెలియలేదు. ఉర్దూ కాదు, తెలుగు కాదు. నేను చేతిలో సంచీ పడేసి పరుగెత్తి ఆమె భుజం పట్టుకున్నాను. మాట ఆగిపోయింది. నావైపు తిరిగి ఎప్పటిలాగే అమాయకంగా చూసి, "ఆ" అంది.

ఆ రోజు నాకు భయం వేయలేదు. పండగలా అనిపించింది. అమ్మీకి మాట వస్తోందని మా డాక్టరు గారికి చెప్పాను. ఆయన కూడా సంతోషించారు. ఇలాంటి పేషెంట్లకు మాట తిరిగి వచ్చేముందు అర్థంలేని శబ్దాలు గడగడా వస్తాయని, కంగారు పడొద్దని అన్నారు. ఖమ్మంలో ఉన్న మా మామూకు, అంటే అమ్మీ తమ్ముడికి, ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఫోన్లోనే ఏడ్చారు.

ఆ తర్వాత దాదాపు ప్రతి మధ్యాహ్నం వినేదాన్ని. చప్పుడు చేయకుండా గుమ్మం దగ్గర నిలబడితే మాట సాగేది. వినగా వినగా కొన్ని విషయాలు గమనించాను. మాట్లాడి ఆగేది. అవతలివాళ్ళు జవాబిస్తుంటే వింటున్నట్టు తల ఆడించేది. మళ్ళీ అందుకునేది. ఒక్కోసారి నవ్వేది. ఒకసారి ఎవరినో కసిరింది. ముందు గదిలో కూర్చోబెడితే మాత్రం ఏమీ లేదు, మళ్ళీ ఆ ఒక్క శబ్దమే. అర్థంలేని శబ్దాలు గది మారితే ఎందుకు ఆగుతాయో నాకు తెలియలేదు. డాక్టరు గారిని అడగాలనుకుని కూడా అడగలేదు. అడిగితే ఆ కాస్త ఆశా పోతుందేమోనని.

జయ నాతోపాటు పనిచేసే నర్సు. దుమ్ముగూడెం దగ్గరి కోయ పల్లె వాళ్ళది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. ఒక ఆదివారం సెలవు ఉండి, వాళ్ళ ఊరినుంచి తెచ్చిన తునికి పళ్ళు పట్టుకుని మా ఇంటికొచ్చింది. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. వెనక గదిలో అమ్మీ మొదలుపెట్టింది.

జయ నవ్వుతూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అమ్మకు మా మాట వచ్చని చెప్పనే లేదేంది అక్కా?"

"మీ మాటా?"

"అవ్. కోయ మాట్లాడుతుంది గదా. కోళ్ళను గంప కింద కమ్మమని ఎవలికో చెప్తుంది."

నా చేతిలో గిన్నె స్టవ్ మీద పెట్టి జయ ముఖం చూశాను. ఆమె హాస్యం ఆడడం లేదు. అమ్మీకి కోయ రాదని, ఆ భాష ఆమె ఎప్పుడూ విని కూడా ఉండదని చెప్పాను. జయ నవ్వు తగ్గిపోయింది. ఇద్దరం వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాం. జయ నా చెవిలో నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. వాన వచ్చేలా ఉంది, కట్టెలు లోపల పెట్టమంటోంది. దూడ తాడు తెంపుకుందంటోంది. ఎవరో అన్నం తిన్నారా అని అడుగుతోంది. అన్నీ ఇంట్లో మాటలే. భయపెట్టే మాట ఒక్కటి కూడా లేదు.

జయ రెండడుగులు ముందుకు వేసి, ఆ భాషలోనే ఏదో అడిగింది. నీది ఏ ఊరు అని అడిగానని తర్వాత చెప్పింది. అమ్మీ ఆమెవైపు తిరగలేదు. వినపడనట్టే కిటికీ బయటికి మాట్లాడుతోంది. కొంతసేపటికి గొంతు తగ్గించి, ఎవరికో నచ్చజెబుతున్నట్టు చాలాసేపు మాట్లాడింది. జయ నాకు చెప్పడం ఆపేసింది.

ఏమంటోంది అని అడిగితే నన్ను ముందు గదిలోకి లాక్కొచ్చింది.

"మీ గురించే అంటుందక్కా."

"మా గురించా?"

"ఇంట్ల ఎవలో కొత్తోళ్ళు చేరిన్రని పక్కోళ్ళు గొడవ పెడుతున్నట్టుంది. ఈమె వద్దంటుంది. ఉండనియ్యిండ్రి, ఒక్క ఆడపిల్ల, లేవలేని తల్లిని ఎత్తుకోని ఎటు పోతది, ఈళ్ళకు ఎవలిస్తరు జాగా... గట్ల అంటుంది."

లేవలేని తల్లి అన్నది ఎవరిని? ఆ మాట అన్నది ఎవరు? అమ్మీ నోటితోనే అమ్మీ గురించి ఎవరో వేరే మనిషిలా చెప్పారు. ఊరంతా తిరిగినా నాకు దొరకని జాలి మాట అది.

జయ వెళ్ళేముందు ఇంకో సంగతి చెప్పింది. ఆ భాష తమ ఊళ్ళో ఇప్పుడు మాట్లాడేదానిలా లేదట. కొన్ని మాటలు వాళ్ళ నాయనమ్మ నోట మాత్రమే విన్నదట. నేర్చుకున్నవాళ్ళ మాటలా కూడా లేదు, పుట్టుకతో వచ్చిన మాట అది అంది.

నేను ఊరుకోలేదు. మామూను అడిగాను. అమ్మీ పుట్టింది, పెరిగింది, పెళ్ళయింది అంతా ఖమ్మంలోనే, భద్రాచలం వంతెన కూడా ఎప్పుడూ దాటలేదు అన్నారు. చిన్నప్పుడు ఇంట్లో కోయవాళ్ళు ఎవరైనా పనిచేశారా అంటే, మన ఇంట్లో పనిమనిషిని పెట్టుకునే తాహతు ఎప్పుడుంది బేటీ అన్నారు. మాకు ముందు ఆ పోర్షన్‌లో ఉన్న గని కార్మికుడి భార్యను బజారులో పట్టుకుని అడిగాను. "మాకైతే ఏం కాలేదమ్మా. వేడి తట్టుకోలేక క్వార్టర్ రాంగనే పోయినం," అంది. సుగుణమ్మను బిల్డింగు కట్టకముందు అక్కడ ఏముండేదని అడిగాను. చేను ఉండేది, కొన్ని గుడిసెలు ఉండేవి, వాళ్ళు పోయిన్రు అంది. ఎక్కడికి పోయారంటే తెలియదంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి సంగతి అంతకంటే లోతుగా ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. నేను అద్దెకున్నదాన్ని, ఇంకేం అడగగలను.

జయ రాగలిగినప్పుడల్లా వచ్చి వినేది. మళ్ళీ మా ప్రస్తావన రాలేదు. ఎప్పుడూ కోళ్ళు, కట్టెలు, వాన, అన్నం. నాకు మాత్రం ఒకటే బాధ. అమ్మీ నోరు విప్పుతోంది, నవ్వుతోంది, కానీ అందులో నాకోసం ఒక్క మాట లేదు. ఆమెను ఆ గదిలోంచి తెచ్చేస్తే మళ్ళీ మూగదవుతుంది. ఉంచితే నా కళ్ళముందే ఇంకెవరిలానో మాట్లాడుతుంది. ఏది మంచిదో చెప్పేవాళ్ళు లేరు. నేను ఉంచాను. ఆ గొంతు వినకుండా ఉండలేకపోయాను.

ఇలాంటివి దాగవు. మధ్య అంతస్తులో ఉండేవాళ్ళు విన్నారు. ఒకావిడ కొబ్బరికాయ, పసుపు కుంకుమ పట్టుకుని పైకొచ్చింది. అమ్మీకి పూనకం వస్తోందనుకుని, తన కొడుక్కి ఉద్యోగం వస్తుందా అని అడగడానికి. నేను చేతులు జోడించి పంపించాను. మామూ ఖమ్మంనుంచి వచ్చి అమ్మీ మెడలో తాయత్తు కట్టారు. మర్నాడు మధ్యాహ్నం ఆ తాయత్తు వేళ్ళతో తిప్పుతూనే ఆమె కిటికీ బయటికి కబుర్లు చెప్పింది. డాక్టరు గారిని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన చాలాసేపు విన్నారు. తనకు ఆ భాష రాదు కాబట్టి అది భాషో కాదో తాను చెప్పలేనన్నారు. మాత్రలేవీ మార్చలేదు.

ఒక సాయంత్రం నర్సయ్య గారు పైకొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మం బయటే నిలబడి, చెప్పులవైపు చూస్తూ మాట్లాడారు.

"సిస్టరమ్మా, ఏమనుకోవద్దు. మీ కింది పోర్షనోళ్ళు ఖాళీ చేస్తమంటున్రు. పిల్లలు భయపడుతున్రంట. నేను గూడ పెద్దోణ్ణి, నాకు గివన్ని తట్టుకునే శక్తి లేదు. ఇంకోటి చూసుకోండ్రి."

"ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది సార్? మీకు తెలుసు కదా."

"నాకు తెలుసు," అన్నారాయన. మెట్లు దిగిపోయారు. తిట్టి వెళ్ళినా బాగుండేది అనిపించింది.

మళ్ళీ వీధులు పట్టాను. ఈసారి ప్రశ్నలు కూడా లేవు. పై అంతస్తు సిస్టరు అని ఊరికి తెలిసిపోయింది. టులెట్ బోర్డు వేలాడుతున్న ఇంటికి వెళితే ఇచ్చేశామనేవాళ్ళు. జయ తన గదికి రమ్మంది గానీ, ఆమె ఉండేది ఆడపిల్లల హాస్టల్లో. కొత్తగూడెం దాకా వెళ్ళి చూశాను. దొరికినవి నా జీతానికి అందలేదు, అందినవి అమ్మీ సంగతి వినగానే చేజారాయి. చివరికి ఉద్యోగం మానేసి ఖమ్మంలో మామూ ఇంటి వెనక గదికి వెళ్ళడం తప్ప దారి లేకపోయింది.

బయల్దేరే రోజు మామూ ట్రాలీ మాట్లాడుకుని వచ్చారు. సామాను దించేసరికి మధ్యాహ్నం అయింది. జయకు డ్యూటీ మార్చుకోవడం కుదరలేదు. అమ్మీని కుర్చీతో సహా దించుదామని మామూ, డ్రైవరూ పైకొచ్చారు. నేను ఆమె చున్నీ సర్దుతున్నాను.

అప్పుడు అమ్మీ కిటికీ వైపునుంచి తల తిప్పి నా ముఖంలోకి చూసింది. ఆ మాట మాట్లాడేటప్పుడు నావైపు చూడడం అదే మొదటిసారి. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతికి అంత బలం ఉందని నాకు తెలియదు. మాట్లాడడం మొదలుపెట్టింది. కసరడం లేదు, ఏడవడం లేదు. దూరం వెళ్ళేవాళ్ళకు జాగ్రత్తలు చెప్పినట్టు, ఒకటి తర్వాత ఒకటి, మధ్యలో అర్థమైందా అన్నట్టు ఆగి, మళ్ళీ చెప్పింది. నేను తల ఊపుతూ ఉన్నాను. అర్థం కాలేదని ఎలా చెప్పాలో కూడా తెలియలేదు. ఉర్దూలో అమ్మీ అమ్మీ అంటూనే ఉన్నాను. అప్పట్లో నా సెల్లులో రికార్డు చేసే వసతి లేదు. మామూ గోడకు ఆనుకుని నిలబడి కలమా చదువుతున్నారు.

మాట అయిపోయింది. నా చెయ్యి వదిలేసింది. కుర్చీ ఎత్తారు. మెట్ల మలుపులో కుర్చీ పక్కకు ఒరిగితే ఎప్పటిలాగే భయపడి "ఆ" అంది.

ఖమ్మంలో ఆమె ఇంకో ఏడాది పైనే బతికింది. కిటికీ పక్కనే మంచం వేశాను. మధ్యాహ్నాలు పనులన్నీ మానుకుని దగ్గర కూర్చునేదాన్ని. ఒక్క మాట రాలేదు. ఏ భాషలోనూ రాలేదు. నిద్రలోనే పోయింది.

కబురు తెలిసి జయ ఖమ్మం వచ్చింది. అందరూ వెళ్ళాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఆఖరి రోజు అమ్మీ నాతో అన్న మాటలు గుర్తున్నంతవరకు పలికి చూపించాను. అప్పటికి వాటిని మనసులో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. జయ కళ్ళు మూసుకుని విన్నది. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. నెమ్మదిగా చెప్పమంది. చెప్పాను.

"తెలుస్తలేదక్కా," అంది చివరికి. "మా మాటలెక్కనే ఉంది. కానీ నీ నోట్ల విరిగిపోయింది."

ఇన్నేళ్ళలో నేను చాలామంది డాక్టర్ల దగ్గర పనిచేశాను. మాట పోయిన పేషెంట్లను ఎంతోమందిని చూశాను. ఎప్పుడూ నేర్వని భాష మాట్లాడినవాళ్ళను చూడలేదు, ఉన్నారని చెప్పినవాళ్ళూ లేరు. జయ పొరబడిందని అనుకుందామంటే, మా గురించి ఆమె చెప్పిన మాటలు ఆమె కల్పించవలసిన అవసరం లేదు. నా దగ్గర వివరణ లేదు.

అమ్మీ నాతో అన్న ఆఖరి మాటలు ఆ కిటికీ దగ్గరివే. అవి అమ్మీవో కాదో కూడా నాకు తెలియదు.